పాలు పడలేదు, నెలసరి రాలేదు: కాన్పులో దెబ్బతినే పిట్యూటరీ గ్రంథి

కాన్పులో విపరీతంగా రక్తం పోయి, చావు అంచు దాకా వెళ్లి బయటపడిన స్త్రీని చూసి ఇంట్లోవాళ్లు గండం గడిచిందనుకుంటారు. చాలామంది విషయంలో అది నిజమే. కొందరిలో మాత్రం ఆ రక్తస్రావం మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథిని దెబ్బతీసి పోతుంది. ఆ రోజు అది ఎవరికీ తెలియదు. మొదట బిడ్డకు పాలు పడవు. తర్వాత నెలసరి తిరిగి రాదు. ఆపైన ఏళ్ల తరబడి నీరసం, చలి, మలబద్ధకం, మందులకు లొంగని రక్తహీనత. పదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఒక మామూలు జ్వరానికే మనిషి స్పృహ తప్పి ఆసుపత్రిలో చేరితే, ఆ పాత కాన్పు సంగతి ఇంట్లోవాళ్లు చెప్పరు, డాక్టరూ అడగరు.

వైద్యంలో దీన్ని షీహన్ సిండ్రోమ్ అంటారు. గుర్తించగలిగితే చవకైన మాత్రలతో దాదాపు మామూలుగా బతకొచ్చు. గుర్తించడం కూడా పెద్ద స్కానింగులతో మొదలుకానక్కర్లేదు. ఆఖరి కాన్పులో రక్తం బాగా పోయిందా, ఆ బిడ్డకు పాలు పడ్డాయా అన్న రెండు ప్రశ్నలతో మొదలవుతుంది. ఆ రెండు ప్రశ్నలు అడగకపోవడం వల్లే ఇంతమంది స్త్రీలు ఇన్నేళ్లు తప్పుడు మందులు మింగుతున్నారు.

పిట్యూటరీ, అంటే పీయూష గ్రంథి, బరువు అర గ్రాము దగ్గర ఉంటుంది. ముక్కుకు వెనగ్గా, కపాలం అడుగు ఎముకలో ఒక చిన్న గుంటలో ఉంటుంది. థైరాయిడ్, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు, అండాశయాలు ఎప్పుడు ఎంత పనిచేయాలో హార్మోన్ల ద్వారా చెప్పేది ఇదే. పాలు తయారవడానికి కావాల్సిన ప్రొలాక్టిన్, ఎదుగుదలకు కావాల్సిన గ్రోత్ హార్మోన్ కూడా ఇక్కడి నుంచే వస్తాయి. గర్భం నిలిచాక ఈస్ట్రోజెన్ ప్రభావంతో ప్రొలాక్టిన్ తయారుచేసే కణాలు బాగా పెరుగుతాయి. నెలలు నిండేసరికి గ్రంథి మామూలుకంటే చాలా పెద్దదవుతుంది, దానికి కావాల్సిన రక్తమూ పెరుగుతుంది. దాని చుట్టూ ఉన్న గుంట మాత్రం ఎముకది, అది పెరగదు.

దీనికి రక్తం అందే తీరు కూడా వేరు. గ్రంథి ముందు భాగానికి వచ్చేది ప్రధానంగా పైనున్న హైపోథలామస్ అనే మెదడు భాగంలో ఒకసారి తిరిగి వచ్చిన రక్తం. అది సన్నని సిరల గుండా, తక్కువ ఒత్తిడితో దిగుతుంది. కాలువ చివరి ఆయకట్టు పరిస్థితి ఇదే కదా: కాలువ నిండుగా పారినప్పుడు చివరి మడికీ నీళ్లు అందుతాయి, మట్టం తగ్గితే ముందు ఎండేది ఆ మడే. కాన్పులో రక్తం పోయి బీపీ పడిపోయినప్పుడు పిట్యూటరీ ముందు భాగానికి జరిగేది అదే. పెరిగి, ఎక్కువ రక్తం కోరుతున్న సమయంలోనే రక్తం అందక కణాలు చచ్చిపోతాయి. వెనక భాగానికి వేరే ధమని ఉంది కాబట్టి అది చాలావరకు నిలదొక్కుకుంటుంది. అందుకే విపరీతమైన దాహం, లెక్కలేనంత మూత్రం లాంటి లక్షణాలు ఈ జబ్బులో అరుదు.

అయితే రక్తం పోయిన ప్రతి బాలింతకూ ఇలా జరగదు. గుంట పుట్టుకతోనే ఇరుకుగా ఉన్నవాళ్లకు, రక్తం గడ్డకట్టే తీరులో తేడా ఉన్నవాళ్లకు ప్రమాదం ఎక్కువ కావొచ్చని వైద్యులు భావిస్తున్నారు. కొందరు రోగుల రక్తంలో పిట్యూటరీ మీదే పనిచేసే యాంటీబాడీలు కనిపించాయి. చచ్చిన కణాల నుంచి బయటపడిన పదార్థాల మీద శరీరం తిరగబడి, మిగిలిన గ్రంథినీ మెల్లమెల్లగా తినేస్తుందన్న వాదనకు ఇది ఆధారం. జబ్బు ఏళ్ల మీద ముదరడానికి ఇదొక కారణమైతే, గ్రంథిలో దాదాపు నాలుగింట మూడు వంతులు పోయేదాకా లక్షణాలు స్పష్టంగా బయటపడకపోవడం మరో కారణం.

ఈ జబ్బుకు పేరొచ్చిన హెరాల్డ్ షీహన్ స్కాట్లండ్‌లోని గ్లాస్గో ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసిన పాథాలజిస్టు. 1937లో ఆయన ప్రచురించిన పరిశోధన కాన్పు తర్వాత చనిపోయిన స్త్రీల శవపరీక్షల మీద ఆధారపడింది. వాళ్ల పిట్యూటరీ ముందు భాగం చచ్చిపోయి ఉండటాన్ని ఆయన ప్రసవ సమయంలోని రక్తస్రావంతో, షాక్‌తో ముడిపెట్టాడు. ఆయనకంటే ముందు 1913లో పోలండ్ పాథాలజిస్టు గ్లిన్‌స్కీ, 1914లో జర్మనీలోని హాంబర్గ్‌లో మోరిస్ సిమ్మండ్స్ ఇలాంటి గ్రంథులను చూసినవాళ్లే. సిమ్మండ్స్ వర్ణించిన స్త్రీకి 46 ఏళ్లు. 11 ఏళ్ల ముందు కాన్పు తర్వాత ఆమెకు తీవ్రమైన ఇన్ఫెక్షన్ సోకింది, అప్పటి నుంచి నెలసరి ఆగిపోయింది, చివరికి కోమాలో చనిపోయింది.

సిమ్మండ్స్ వర్ణనతో ఒక చిక్కు కూడా వచ్చిపడింది. పిట్యూటరీ చచ్చిపోతే మనిషి ఎముకల గూడులా చిక్కిపోవాలని వైద్యులు చాలా కాలం నమ్మారు. దాంతో మానసిక కారణాలతో తిండి మానేసిన అమ్మాయిలకు పిట్యూటరీ జబ్బని పేరు పెట్టారు, నిజంగా పిట్యూటరీ పోయి ఒంటి బరువు మామూలుగానే ఉన్న స్త్రీలను పక్కన పెట్టారు. రక్తస్రావంతో కుప్పకూలి బతికి బయటపడ్డ స్త్రీలను షీహన్ శ్రద్ధగా గమనించాక గానీ ఆ భ్రమ పోలేదు. ఈ జబ్బులో తీవ్రంగా చిక్కిపోవడం తప్పనిసరి లక్షణం కాదని ఆయన తేల్చాడు. చాలామంది మామూలు ఒంటితోనే ఉంటారు, కొందరు కాస్త లావుగానూ ఉంటారు. ఈ పాఠం నేటికీ పనికొస్తుంది. చూడ్డానికి బాగానే ఉన్న మనిషి నీరసమంటే ఇంట్లోనే నమ్మరు, ఆసుపత్రిలో నమ్ముతారన్న భరోసా ఏముంది?

జబ్బు వరస చూస్తే మొదటి సూచన కాన్పైన వారంలోపే దొరుకుతుంది. మూడో రోజుకు, నాలుగో రోజుకు రొమ్ములు బరువెక్కి పాలు రావాలి. ఈమెకు రొమ్ములు మెత్తగా, ఖాళీగానే ఉంటాయి. "రక్తం పోయింది కదా, ఒంట్లో బలం లేక పాలు పడలేదు" అని పెద్దవాళ్లు సర్దిచెప్పి, వెల్లుల్లి కారం, బొప్పాయి కూర పెట్టి చూసి, డబ్బా పాలకు మారిపోతారు. పాలు పడకపోవడానికి ఇంకా చాలా కారణాలు ఉన్నాయి, ప్రతి బాలింతా కంగారుపడాల్సిన పనిలేదు. కానీ రక్తం బాగా పోయి, ఎక్కించాల్సి వచ్చిన స్త్రీకి అసలు పాలే రాకపోతే మాత్రం అది పరీక్ష చేయించాల్సిన విషయం. ఆ రోజుల్లోనే బీపీ పెరగకపోవడం, షుగర్ పడిపోవడం, తగ్గని తలనొప్పి, వాంతులు కూడా ఉంటే గ్రంథి పెద్ద ఎత్తున దెబ్బతిన్నదని అనుమానించాలి. ఆ దశలో ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

చాలామందిలో ఇంత హడావిడి ఉండదు. నెలసరి రాదు, వచ్చినా అంతంతమాత్రం. చంకల్లో, మర్మాంగాల దగ్గర వెంట్రుకలు రాలిపోతాయి, గీసుకుంటే మళ్లీ మొలవవు. చర్మం పాలిపోయి, పలచబడి, కళ్ల చుట్టూ, నోటి చుట్టూ సన్నటి ముడతలు పడతాయి. చనుమొనల చుట్టూ ఉండే నలుపు కూడా తగ్గిపోతుంది. భార్యాభర్తల దగ్గరితనం మీద ఆసక్తి పోతుంది. ఇందులో ఏ ఒక్కటీ మన ఆడవాళ్లు డాక్టరుతో నోరు విప్పి చెప్పేది కాదు, పక్కన భర్తో అత్తగారో నిలబడి ఉంటే అసలే చెప్పరు. చెప్పేది "నీరసం" అన్న ఒక్క మాట. దానికి దొరికేది ఐరన్ మాత్రలు, బి కాంప్లెక్స్, ఊరి ఆర్‌ఎంపీ దగ్గర ఒక గ్లూకోజ్ సీసా. ఆ సీసా ఎక్కాక రెండు రోజులు నిజంగానే తేలిగ్గా ఉంటుంది, ఎందుకంటే ఒంట్లో షుగర్ తక్కువగా ఉంది. దాంతో అదే వైద్యమనుకుని నెలనెలా ఎక్కించుకుంటూ పోతారు.

పరీక్షలు చేయించినా జబ్బు తప్పించుకుపోయే దారి ఒకటుంది. నీరసం, చలి, మలబద్ధకం అనగానే థైరాయిడ్ అనుమానం వస్తుంది, థైరాయిడ్‌ను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్ టీఎస్‌హెచ్ పరీక్ష ఒక్కటే రాస్తారు. మామూలు థైరాయిడ్ జబ్బులో గ్రంథి పని చేయకపోతే పిట్యూటరీ టీఎస్‌హెచ్‌ను పెంచి గట్టిగా తట్టిలేపుతుంది, రిపోర్టులో అది ఎక్కువగా కనిపిస్తుంది. ఇక్కడ పనిచేయనిది ఆ తట్టిలేపే పిట్యూటరీయే. టీఎస్‌హెచ్ నార్మల్‌గా రావొచ్చు, కాస్త తక్కువగానో, ఒక్కోసారి కొంచెం ఎక్కువగానో కూడా రావొచ్చు. "థైరాయిడ్ నార్మల్, మీకేం లేదు, టెన్షన్ తగ్గించుకోండి" అని పంపేస్తారు. పక్కనే థైరాయిడ్ తయారుచేసే హార్మోన్ ఫ్రీ టీ4 చూసి ఉంటే అది బాగా తక్కువగా ఉండేది.

ఇంకో సులువైన గుర్తు ఉంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. ముట్లుడిగిన స్త్రీలో, అండాశయాలను పనిచేయించే పిట్యూటరీ హార్మోన్ ఎఫ్‌ఎస్‌హెచ్ సహజంగానే బాగా ఎక్కువగా ఉంటుంది, ఎందుకంటే అండాశయాలు ఆగిపోయాయి, పిట్యూటరీ మాత్రం అరుస్తూనే ఉంటుంది. 55 ఏళ్ల స్త్రీకి ఎఫ్‌ఎస్‌హెచ్ మూడో నాలుగో వచ్చిందంటే అది వయసుతో వచ్చే మెనోపాజ్‌లా లేదు, పిట్యూటరీని పరీక్షించాలి. ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో తీసిన రక్తంలో, అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ హార్మోన్ ఎంతో చూస్తే మరింత స్పష్టత వస్తుంది. అది డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువగా ఉంటే కార్టిసాల్ లోటు దాదాపు ఖాయమైనట్టే, మధ్యస్థంగా ఉంటే అడ్రినల్‌ను తట్టిలేపే ఏసీటీహెచ్ ఇంజెక్షన్ ఇచ్చి మళ్లీ కొలుస్తారు. చివరిగా ఎంఆర్ఐ తీస్తే, గ్రంథి ఉండాల్సిన ఎముక గుంట ఖాళీగానో, అడుగున పలచటి పొరలా మిగిలిన గ్రంథితోనో కనిపిస్తుంది.

జబ్బు ఏళ్లకేళ్లు దాగి, ఒక్కసారిగా బయటపడేది ఎక్కువగా ఎమర్జెన్సీ వార్డులోనే. నాలుగు రోజుల జ్వరమో, విరేచనాలో, ఏదైనా చిన్న ఆపరేషనో. మామూలు మనిషి ఒంట్లో ఇలాంటప్పుడు కార్టిసాల్ రెండు మూడు రెట్లు పెరిగి బీపీని నిలబెడుతుంది. ఈమెలో పెరగడానికి ఏమీ లేదు. వాంతులు, మగత, తికమక మాటలు, బీపీ 80కి దిగువ, సోడియం 115 దగ్గర. తలకు స్కాన్ తీస్తారు, ఫిట్స్ మందులు ఇస్తారు, సోడియం తగ్గింది కాబట్టి ఉప్పు సెలైన్ ఎక్కిస్తారు. అడ్రినల్ గ్రంథులే చెడిపోయిన జబ్బులో చర్మం నల్లబడుతుంది, పొటాషియం పెరుగుతుంది. ఇక్కడ చర్మం పాలిపోయి ఉంటుంది, పొటాషియం మామూలుగానే ఉంటుంది. ఆ తేడా తెలిసిన డ్యూటీ డాక్టరు ఒక్కరున్నా, చంకల్లో వెంట్రుకలు లేవని గమనించి కాన్పు గురించి అడిగినా కథ అక్కడే మలుపు తిరుగుతుంది. కార్టిసాల్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ 100 మిల్లీగ్రాములు పడ్డాక కొన్ని గంటల్లోనే మనిషి కళ్లు తెరిచి మాట్లాడటం ఈ జబ్బులో మామూలే. కార్టిసాల్ సంగతి తేల్చకుండా సోడియం ఒక్కటే సరిచేసి పంపితే ఆమె మళ్లీ ఇలాగే వస్తుంది.

చికిత్సలో వరస చాలా ముఖ్యం. ముందు కార్టిసాల్ లోటు తీర్చాలి, ఆ తర్వాతే థైరాయిడ్ హార్మోన్ మాత్ర థైరాక్సిన్ మొదలుపెట్టాలి. ముందే థైరాక్సిన్ ఇస్తే ఒంటి జీవక్రియ వేగం పుంజుకుని, ఉన్న కాస్త కార్టిసాల్ కూడా ఖర్చైపోయి మనిషి కుప్పకూలొచ్చు. థైరాయిడ్ తక్కువని మాత్ర మొదలుపెట్టాక నీరసం తగ్గకపోగా వాంతులు, బీపీ పడిపోవడం మొదలైతే పిట్యూటరీని అనుమానించడం మర్చిపోకూడదు. థైరాక్సిన్ మోతాదు సరిపోయిందో లేదో చూడటానికి కూడా టీఎస్‌హెచ్ పనికిరాదు, ఫ్రీ టీ4నే చూడాలి. వయసులో ఉన్నవాళ్లకు ఈస్ట్రోజెన్, ప్రొజెస్టరోన్ కూడా ఇస్తారు. ఎముకలకు, గుండెకు, మామూలు దాంపత్య జీవితానికి అవి అవసరం. మరో బిడ్డ కావాలనుకునేవాళ్లకు హార్మోన్ ఇంజెక్షన్లతో అండం విడుదలయ్యేలా చేయొచ్చు. ఈ జబ్బు ఉండీ సహజంగానే గర్భం దాల్చినవాళ్లూ ఉన్నారు, కాబట్టి నెలసరి వస్తోంది కదా అని జబ్బు లేదనుకోకూడదు.

కార్టిసాల్ లోటు తీర్చే మందు స్టెరాయిడే. ఈ చికిత్సకు అతి పెద్ద శత్రువు ఆ మాట మీద ఉన్న భయం. ఒళ్లు ఊబుతుందని, ఎముకలు గుల్లవుతాయని, షుగర్ వస్తుందని పక్కింటివాళ్లో, మందుల షాపులోనో చెప్పగానే మాత్ర ఆపేస్తారు. ఆ భయం పెద్ద మోతాదుల్లో నెలల తరబడి వాడే మందుల విషయంలో సరైనదే. ఇక్కడ ఇచ్చేది ఆరోగ్యవంతుడి శరీరం రోజూ తానే తయారుచేసుకునే పాటి, రోజుకు 15 నుంచి 20 మిల్లీగ్రాముల హైడ్రోకార్టిసోన్, లేదా దానికి సమానమైన ప్రెడ్నిసొలోన్. ఇది జీవితాంతం వాడాల్సిన మందు, ఒక్క రోజు కూడా ఆపకూడనిది. జ్వరం వస్తే మోతాదు రెట్టింపు చేయాలి, వాంతులవుతూ మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ చేయించుకోవాలి. ఏ ఆపరేషన్‌కు వెళ్లినా మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి. ఈ నాలుగు మాటలు రాసిన చీటీ పర్సులో ఉండాలి. ఇంట్లో ఒక్కరికైనా అవి కంఠతా రావాలి.

ఈ జబ్బు ఎంతమందికి ఉందన్నది ఆ దేశంలో కాన్పులు ఎలా జరుగుతాయన్న దాని మీద ఆధారపడింది. ఐస్‌లాండ్‌లో 2009 నాటికి లక్ష మంది స్త్రీలకు ఐదుగురికి ఉన్నట్టు లెక్కతేలింది. కశ్మీర్ లోయలో జరిగిన అధ్యయనం 2005లో వెలువడింది. 20 ఏళ్లు దాటిన, పిల్లల్ని కన్న స్త్రీలలో సుమారు 3 శాతం మందికి ఉండొచ్చని అది అంచనా వేసింది. ఆ రోగుల్లో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఇంట్లోనే కన్నవాళ్లు. 

తెలుగు రాష్ట్రాల్లో ఇవాళ ఆ పరిస్థితి లేదు. 2019-21 నాటి ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 97 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 96 శాతం పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. అయితే 1992-93లో దేశం మొత్తం మీద ఆసుపత్రి కాన్పులు దాదాపు నాలుగింట ఒక వంతే. అప్పుడు మాయ పడక, రక్తం కట్టక ఇంటి దగ్గరే చావుబతుకుల్లో కొట్టుమిట్టాడి బతికిన స్త్రీలు ఇప్పుడు యాభైల్లో, అరవైల్లో ఉన్నారు. వాళ్లలో ఈ జబ్బున్నవాళ్లు మెనోపాజ్, రక్తహీనత, వయసు, దిగులు అన్న పేర్ల కింద దాగిపోయే అవకాశం ఎక్కువ.

జబ్బు దాగిపోవడానికి మన దగ్గర ప్రత్యేకంగా రెండు కారణాలు తోడవుతాయి. ఒకటి, చిన్న వయసులోనే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. ఇద్దరు పిల్లలు పుట్టగానే ఆపరేషన్ అయిపోతుంది కాబట్టి, మళ్లీ గర్భం రావడం లేదని ఎవరూ ఆసుపత్రికి వెళ్లరు. ఆ తర్వాత వచ్చిన నీరసమంతా ఆపరేషన్ ఖాతాలో పడుతుంది. రెండోది గర్భసంచి తీసేయడం. దేశంలో గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతం ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందుంటాయి. కాన్పులో రక్తం ఆగక ప్రాణం కాపాడటానికి గర్భసంచి తీసేసినవాళ్లూ ఉంటారు. సంచే లేనప్పుడు నెలసరి ఎందుకు రాలేదన్న ప్రశ్నే పుట్టదు. అంటే జబ్బు పట్టిచ్చే ముఖ్యమైన ఆధారం ఆపరేషన్‌తోనే చెరిగిపోతుంది.

పొలం పనులు చేసేవాళ్లకు సంబంధించి మరో విషయం ఇక్కడే చెప్పాలి. రక్తపింజర కాటు కూడా ఇదే గ్రంథిని ఇదే తీరులో చంపగలదు. బర్మాలో, శ్రీలంకలో, దక్షిణ భారతంలో ఇలాంటి కేసులు నమోదయ్యాయి. కాటుకు చికిత్స పొంది ఇంటికొచ్చాక నెలల తరబడి నీరసం, గడ్డం మీసాలు పలచబడటం, పురుషత్వం తగ్గడం కనిపిస్తే మగవాళ్లయినా సరే హార్మోన్లు చూపించుకోవాలి.

ఇప్పటి ఆసుపత్రి కాన్పుల్లోనూ ప్రమాదం పూర్తిగా పోలేదు. మన స్త్రీలలో సగానికి పైగా రక్తహీనతతోనే కాన్పుకు వెళ్లే వయసులోకి వస్తున్నారు. రక్తం తక్కువున్న మనిషికి కొద్దిపాటి నష్టమే పెద్ద దెబ్బ. తెలంగాణలో ఐదో సర్వే నాటికి సిజేరియన్లు 60 శాతం దాటాయి. పాత కోత మీద మాయ అతుక్కుపోయే ప్రమాదం తర్వాతి గర్భంలో పెరుగుతుంది, అలాంటి కాన్పుల్లో రక్తం విపరీతంగా పోతుంది.

నివారణ విషయంలో మాత్రం ఆశ కలిగించే కబుర్లే ఉన్నాయి. 20 వేల మందికి పైగా స్త్రీల మీద జరిగి 2017లో వెలువడిన అధ్యయనం, కాన్పు జరిగిన మూడు గంటల్లోపు రక్తస్రావాన్ని తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మందు ఇస్తే రక్తస్రావ మరణాలు తగ్గుతాయని చూపింది. 2023లో నాలుగు ఆఫ్రికా దేశాల్లోని 80 ఆసుపత్రుల అధ్యయనం ఇంకా తేలికైన మార్గం చూపింది. బాలింత కింద గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి, పోతున్న రక్తాన్ని కంటి అంచనాతో కాకుండా కొలిచి, హద్దు దాటగానే గర్భసంచి మర్దన, దాన్ని బిగించే ఆక్సిటోసిన్ మందు, ట్రానెక్సామిక్ యాసిడ్, సెలైన్, కారణం కోసం పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్రమైన రక్తస్రావం, దానితో ముడిపడ్డ పెద్ద ఆపరేషన్లు, మరణాలు కలిపి చూస్తే 60 శాతం తగ్గాయి. ఆ అధ్యయనం పిట్యూటరీ సంగతి లెక్కపెట్టలేదు. బీపీ పడిపోకముందే రక్తం ఆపిన ప్రతిచోటా పిట్యూటరీ కూడా బతికే ఉంటుందనుకోవచ్చు.

మాతృ మరణాలు తగ్గడం మన రాష్ట్రాలు సాధించిన పెద్ద విజయం. 2018-20లో లక్ష సజీవ జననాలకు దేశ సగటు 97 ఉంటే తెలంగాణలో 43, ఆంధ్రప్రదేశ్‌లో 45. ఒకప్పుడైతే చనిపోయి ఉండేవాళ్లు ఇప్పుడు బతికి ఇంటికెళ్తున్నారు. అలా వెళ్లేవాళ్లను తర్వాత చూసుకోవడానికి పెద్ద ఏర్పాట్లేమీ అక్కర్లేదు. రక్తం ఎంత పోయింది, ఎన్ని యూనిట్లు ఎక్కించారు, బీపీ ఎంతకు పడిపోయింది అన్నవి డిశ్చార్జ్ కాగితం మీద తెలుగులో రాసి ఇవ్వాలి. ఇంటికొచ్చే ఆశా కార్యకర్త, ఏఎన్ఎం బిడ్డ బరువుతో పాటు తల్లికి పాలు పడ్డాయో లేదో అడిగి రాసుకోవాలి. రక్తం బాగా పోయి పాలు పడని తల్లికి ఆలస్యం చేయకుండా ఉదయం కార్టిసాల్, ఫ్రీ టీ4 చూడాలి, కళ్లు తిరుగుతున్నా వాంతులవుతున్నా అదే రోజు పెద్దాసుపత్రికి పంపాలి. తొలి పరీక్ష బాగానే వచ్చినా, నెలలు గడిచినా నెలసరి రాకపోతే మళ్లీ చేయించాలి, ఎందుకంటే మిగిలిన గ్రంథి ఆ తర్వాత కూడా మెల్లగా దెబ్బతింటూ ఉండొచ్చు.